పీజీ వైఫైలో నా లాప్‌టాప్ అప్‌లోడ్ ఆగట్లేదు, నెట్‌స్టాట్ కొడితే బోలెడు కనెక్షన్లు, ఎలా చదవాలి?

సిల్క్‌బోర్డ్_బాధితుడు:

అందరికీ నమస్తే, కొంచెం అర్జెంటు. మారతహళ్ళిలో పీజీలో ఉంటా, ఫ్లోర్ మొత్తానికి ఒకటే వైఫై, రాత్రి ఎనిమిది దాటితే అందరూ వీడియోల మీదే ఉంటారు కాబట్టి ఎలాగూ పాకుతూనే ఉంటది. నిన్న ఓనర్ అంకుల్ రౌటర్ పేజీ ఫోన్లో తెరిచి మరీ చూపించాడు, లిస్టులో నా లాప్‌టాప్ పేరు పక్కన అప్‌లోడ్ మిగతా అందరికంటే చాలా ఎక్కువ. "ఏం పంపిస్తున్నావయ్యా రాత్రంతా, నీ వల్ల అందరూ నన్ను తిడుతున్నారు" అంటాడు. నేను పంపేదేముంది, టోరెంట్ లేదు, ఫోటోల బ్యాకప్ కూడా ఆఫ్‌లోనే ఉంది, అదే చెప్తే నమ్మట్లేదు.

ఇక్కడే పాత పోస్టుల్లో చూసి కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌స్టాట్ అని కొట్టా, లాప్‌టాప్‌కి ఉన్న నెట్ కనెక్షన్ల లిస్టు చూపిస్తుందంట. ఒక్కో లైనూ ఆగి ఆగి వస్తోంది, వచ్చినవాటిలో కొన్ని ఎంఏఏ అని మొదలయ్యే ఏవో పేర్లు, పక్కన హెచ్‌టీటీపీఎస్ అని ఉంది, కొన్ని ఉత్త అంకెలు, దాదాపు అన్నిటికీ చివర ఎస్టాబ్లిష్డ్ అని ఉంది. నేను బ్రౌజర్ కూడా మూసేశా అప్పటికి. అంటే ఇంతమంది నా లాప్‌టాప్‌లోకి కనెక్ట్ అయి ఉన్నట్టేనా? విండోస్ 11, సొంత లాప్‌టాప్, ఆఫీసుది కాదు. యాంటీవైరస్ స్కాన్ చేశా, ఏమీ లేదంటోంది. ఇంకేం కమాండ్లు కొట్టాలో, వచ్చింది ఎలా చదవాలో చెప్పండి ప్లీజ్.

ఫార్మాట్_మాస్టర్:

వైరస్సే బ్రో డౌట్ లేదు. డేటా కాపీ చేసుకుని ఫార్మాట్ కొట్టెయ్, గంట పని.

ఓఎంఆర్_నెట్‌వర్క్_అన్న:

ఫార్మాట్ ఎప్పుడైనా కొట్టొచ్చు, ముందు ఏంటో తెలుసుకుంటే మళ్ళీ అదే ఇన్‌స్టాల్ చేసుకోకుండా ఉంటాం కదా. తమ్ముడూ కంగారు పడకు. నేను షోలింగనల్లూరులో నెట్‌వర్క్ టీమ్‌లో చేస్తా, ఈ ఎస్టాబ్లిష్డ్ చూసి భయపడి ఫోన్ చేసేవాళ్ళు నాకు రోజూ తగుల్తారు. ఎస్టాబ్లిష్డ్ అంటే కనెక్షన్ నడుస్తోందని అంతే, అది చూసి అందరూ హ్యాకర్లే అనుకోవడమంటే పీజీ గేటు రిజిస్టర్లో పేర్లు చూసి అందరూ దొంగలే అనుకోవడం లాంటిది. ఎక్కువ భాగం నీ లాప్‌టాపే బయటికి వెళ్ళి పెట్టుకున్న కనెక్షన్లు, బయటి నుంచి లోపలికి వచ్చినవి కాదు.

ఆ ఎంఏఏ సంగతి ముందు చెప్తా. గూగుల్ సర్వర్ల పేర్లలో దగ్గరి ఎయిర్‌పోర్ట్ కోడ్ ఉంటుంది, ఎంఏఏ అంటే మా చెన్నై, బీఓఎం అంటే ముంబై. బెంగళూరు నుంచి చాలాసార్లు మా చెన్నై సర్వర్లే తగుల్తాయి. నెట్‌స్టాట్ -ఎఫ్ అని కొట్టి చూడు, పేరు మొత్తం కనిపిస్తుంది, చివర 1ఈ100 డాట్ నెట్ అని ఉంటే అది గూగుల్‌దే, ఒకటి పక్కన వంద సున్నాలు అన్న లెక్క అది. బ్రౌజర్ మూసినా బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే సెట్టింగ్ ఒకటి ఉంటుంది క్రోమ్‌లో, అది ఆన్‌లో ఉంటే ఇవి పోవు.

ఇక నువ్వు కొట్టిన కమాండ్ తప్పేం కాదు గానీ దాంతో పని జరగదు. ఉత్త నెట్‌స్టాట్ ప్రతి ఐపీకీ, అంటే అవతలి కంప్యూటర్ అంకెల అడ్రస్‌కీ, పేరు వెతుకుతూ కూర్చుంటుంది, అందుకే ఆగి ఆగి వస్తోంది, పైగా ఏ ప్రోగ్రామ్‌దో చెప్పదు. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరువు, తర్వాత ఇది కొట్టు:

నెట్‌స్టాట్ -ఏఎన్ఓ

ఏ అంటే అన్నీ, వింటూ కూర్చున్న పోర్టులతో సహా, పోర్టు అంటే కనెక్షన్‌కి తలుపు నంబర్ లాంటిది. ఎన్ అంటే పేర్లు వద్దు అంకెలే చాలు, దీనివల్ల టక్కున వచ్చేస్తుంది. ఓ అంటే ఓనర్, అంటే చివరి నిలువు వరుసలో ఆ కనెక్షన్ పెట్టుకున్న ప్రాసెస్ నంబర్, పీఐడీ అంటాం. నీకు కావాల్సింది మొత్తం ఆ చివరి వరుసే. ఐపీలు పట్టుకుని ఒక్కోటీ ఏ దేశందో గూగుల్‌లో వెతుకుతూ కూర్చోకు, సగం అమెరికా అని వస్తాయి, క్లౌడ్ సర్వర్లు అంతే, దాన్ని బట్టి ఏమీ తేలదు. ఏ ప్రోగ్రామ్‌ది అన్నది ఒక్కటే అసలు ప్రశ్న.

లిస్టు పెద్దగా ఉంటే పక్కన ఒక నిలువు గీత పెట్టి ఫైండ్‌స్టర్ ఎస్టాబ్లిష్డ్ అని కలుపు, అవి మాత్రమే వస్తాయి. ఎస్టాబ్లిష్డ్ అన్నది మొత్తం క్యాపిటల్స్‌లోనే కొట్టాలి, లేదంటే ఏమీ రాదు, చిన్నక్షరాల్లో కొడితే /ఐ కూడా పెట్టు. -ఏఎన్ఓ పక్కనే, నిలువు గీతకి ముందు, 5 అని పెడితే ఐదేసి సెకన్లకి మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది, కంట్రోల్ సీ కొడితే ఆగుద్ది. ఒక్కసారి కొట్టి వదిలెయ్యకు, అది ఆ క్షణానికి తీసిన ఫోటో అంతే, మధ్యలో వచ్చి పోయేవి దొరకవు.

వచ్చింది ఇక్కడ పెట్టు, నీ పబ్లిక్ ఐపీ లాంటివేమైనా ఉంటే తీసేసి పెట్టు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:

థాంక్స్ అన్నా, చాలా క్లియర్‌గా చెప్పారు. మొత్తం చాలా పొడుగుంది, రకానికొకటి పెడుతున్నా, బయటి ఐపీల చివర్లు తీసేశా.

టీసీపీ 0.0.0.0:135 లిజనింగ్ 1180
టీసీపీ 0.0.0.0:445 లిజనింగ్ 4
టీసీపీ 0.0.0.0:7680 లిజనింగ్ 9044
టీసీపీ 127.0.0.1:49703 నుంచి 127.0.0.1:49704 ఎస్టాబ్లిష్డ్ 5316
టీసీపీ 192.168.1.14:52110 నుంచి 142.250... :443 ఎస్టాబ్లిష్డ్ 7728
టీసీపీ 192.168.1.14:52391 నుంచి ... :443 టైమ్ వెయిట్ 0
టీసీపీ 192.168.1.14:52377 నుంచి ... :443 ఎస్టాబ్లిష్డ్ 6212
టీసీపీ 192.168.1.14:52380 నుంచి ... :80 ఎస్టాబ్లిష్డ్ 6212
టీసీపీ 192.168.1.14:52385 నుంచి ... :993 ఎస్టాబ్లిష్డ్ 6212

ఈ 6212 ఇంకా చాలా ఉన్నాయి, స్క్రీన్ నిండా అవే. ఐదు సెకన్ల పద్ధతిలో చూస్తే ప్రతిసారీ వేరే ఐపీలు వస్తున్నాయి.

ఓఎంఆర్_నెట్‌వర్క్_అన్న:

ఆ, దొరికింది. మిగతావి చకచకా తీసేద్దాం. 135, 445 విండోస్ సొంత పోర్టులు, పీఐడీ 4 ఎప్పుడూ సిస్టమే. 7680 విండోస్ అప్‌డేట్ ముక్కలు పక్క కంప్యూటర్లతో పంచుకునే ఫీచర్‌ది, డెలివరీ ఆప్టిమైజేషన్ అంటారు, నీ అప్‌లోడ్‌లో దానికీ కొంచెం వాటా ఉండొచ్చు, కావాలంటే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో ఆపుకో. 127.0.0.1 నీ లాప్‌టాప్ తనతో తను మాట్లాడుకునేది, వైఫై దాకా కూడా వెళ్ళదు. టైమ్ వెయిట్ అంటే అయిపోయిన కనెక్షన్, కాసేపు గుర్తుపెట్టుకుని తర్వాత పోద్ది, ఓనర్ ఎవరూ లేరు కాబట్టి విండోస్ పీఐడీ 0 చూపిస్తుంది. 142.250 గూగుల్‌ది.

మిగిలింది 6212. ఒకే ప్రాసెస్, ప్రతి ఐదు సెకన్లకీ కొత్త కొత్త ఐపీలకి పోతోంది, అదీ 443తో పాటు 80, 993 కూడా. 443, 80 వెబ్‌సైట్ల పోర్టులు. 993 అంటే మెయిల్ చదువుకునే పోర్టు, ఐమ్యాప్. బ్రౌజర్ మూసేశానన్నావు, మెయిల్ యాప్ ఏదీ లేకపోతే అన్ని మెయిల్ సర్వర్లతో నీ లాప్‌టాప్‌కి పనేంటి? ఇవి రెండు కొట్టు:

టాస్క్‌లిస్ట్ /ఎస్‌వీసీ /ఎఫ్ఐ "పీఐడీ ఈక్యూ 6212"

పవర్‌షెల్‌లో: గెట్-ప్రాసెస్ -ఐడీ 6212 | సెలెక్ట్-ఆబ్జెక్ట్ పాత్

మొదటిది పేరూ, సర్వీస్ (వెనకాల దానంతటదే నడిచేది) అయితే ఆ సర్వీస్ పేరూ చెప్తుంది. రెండోది ఆ ఎక్సీ ఫైల్ ఏ ఫోల్డర్లో ఉందో చెప్తుంది, నా దృష్టిలో ఇదే ముఖ్యం. పేరు ఏదైనా పెట్టుకోవచ్చు, ఎస్‌వీసీహోస్ట్ అని విండోస్ సొంత ప్రోగ్రామ్ పేరు పెట్టుకున్నది విండోస్ సిస్టమ్32, సిస్‌వావ్64 ఫోల్డర్లలో కాకుండా ఇంకెక్కడో ఉందంటే అక్కడే దొంగ దొరికినట్టు. పీఐడీ రీస్టార్ట్ చేస్తే మారిపోతుంది, కాబట్టి మళ్ళీ నెట్‌స్టాట్ కొట్టి కొత్త నంబర్ చూసుకుని కొట్టు.

ఇంకోటి, కనెక్షన్ల లెక్క వేరు, డేటా లెక్క వేరు. నెట్‌స్టాట్ ఎన్ని ఎంబీలు పోతున్నాయో ప్రాసెస్ వారీగా చెప్పదు. దానికి విండోస్ కీ, ఆర్ కొట్టి రెస్‌మాన్ అని టైప్ చెయ్, నెట్‌వర్క్ ట్యాబ్‌లో సెండ్ అన్న వరుస పేరు మీద క్లిక్ చేస్తే ఎక్కువ పంపేది పైకి వస్తుంది. 6212 పైన ఉందో లేదో చూడు, అలాగే దాని సెండ్, రిసీవ్ రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయేమో కూడా చూడు.

కోరమంగళ_పెంగ్విన్_అక్క:

అన్న చెప్పిందంతా కరెక్టే, పవర్‌షెల్ ఓపెన్ చేశావు కాబట్టి అక్కడే ఇంకో మంచి లైను ఉంది, చేత్తో లెక్కపెట్టక్కర్లేదు:

గెట్-నెట్‌టీసీపీకనెక్షన్ -స్టేట్ ఎస్టాబ్లిష్డ్ | గ్రూప్-ఆబ్జెక్ట్ ఓనింగ్‌ప్రాసెస్ | సార్ట్-ఆబ్జెక్ట్ కౌంట్ -డిసెండింగ్

ఏ పీఐడీకి ఎన్ని కనెక్షన్లో పెద్దది పైన పెట్టి ఇస్తుంది.

లినక్స్ వాళ్ళు ఎవరైనా ఈ థ్రెడ్ చదువుతుంటే నెట్‌స్టాట్ దొరకట్లేదని ఏడవకండి, అది నెట్-టూల్స్ ప్యాకేజీలోది, కొత్త ఉబుంటులో మామూలుగా ఉండదు, దాని బదులు ఎస్‌ఎస్ వాడండి. సుడో ఎస్‌ఎస్ -టీయూఎల్‌పీఎన్ కొడితే వింటున్న పోర్టులు, ఎస్‌ఎస్ -టీఎన్‌పీ కొడితే నడుస్తున్న కనెక్షన్లు. సుడో, అంటే అడ్మిన్ హక్కు, లేకపోతే మీ సొంత ప్రాసెస్‌ల పేర్లే కనిపిస్తాయి, మిగతావి ఖాళీగా ఉంటాయి, అదేదో దాక్కుందని అనుకోకండి. నెట్‌స్టాట్ ప్రాక్ ఫోల్డర్లోని ఫైళ్ళు చదువుతుంది, ఎస్‌ఎస్ నెట్‌లింక్ ద్వారా నేరుగా కెర్నెల్‌నే, అంటే ఓఎస్ గుండెకాయనే, అడుగుతుంది, వేల కనెక్షన్లున్న సర్వర్ మీద ఆ తేడా బాగా తెలుస్తుంది. ఏ ప్రాసెస్ ఎంత డేటా లాగుతోందో చూడాలంటే నెట్‌హాగ్స్, ఏ ఐపీతో ఎంత అన్నది ఐఎఫ్‌టాప్.

స్టేట్‌ల గురించి, అంటే ఎస్టాబ్లిష్డ్ లాంటి కనెక్షన్ స్థితుల గురించి, మాత్రం ఒకటి చెప్పాలి, ఎందుకంటే మా టీమ్‌లో కొత్తగా వచ్చినవాళ్ళందరూ టైమ్ వెయిట్ చూసి బెంబేలెత్తిపోతారు, క్లోజ్ వెయిట్‌ని మాత్రం పట్టించుకోరు, ఉండాల్సింది తిరగేసి. టైమ్ వెయిట్ లినక్స్‌లో 60 సెకన్లుండి దానంతటదే పోద్ది, బిజీ సర్వర్‌లో వేలల్లో ఉన్నా చాలావరకు మామూలే. క్లోజ్ వెయిట్ అంటే అవతలివాడు బై చెప్పి వెళ్ళిపోయాడు, మన ప్రోగ్రామే ఇంకా సాకెట్, అంటే కనెక్షన్‌కి మనవైపు కొస, మూయలేదు. దానికి టైమర్ లేదు, మన కోడ్ క్లోజ్ చేసేదాకా అలాగే పడి ఉంటుంది. మా టెస్ట్ సర్వర్ ఒకటి రోజూ మధ్యాహ్నానికి టూ మెనీ ఓపెన్ ఫైల్స్ అని పడిపోయేది, అందరూ ర్యామ్ పెంచుదాం, ర్యామ్ పెంచుదాం అని గోల. ఎస్‌ఎస్ -టీఎన్‌పీ స్టేట్ క్లోజ్-వెయిట్ అని కొట్టి దాని ముందు వాచ్ -ఎన్ 2 తగిలిస్తే కళ్ళముందే లైన్లు పెరుగుతూ పోతున్నాయి, అన్నీ ఒకే జావా ప్రాసెస్‌వి, అన్నీ పేమెంట్ సర్వీస్ పోర్టుకే. లినక్స్‌లో సాకెట్ కూడా ఫైల్ కిందే లెక్క కదా, ప్రాసెస్‌కి మామూలుగా 1024 లిమిట్, అది నిండగానే ఠప్. ఎర్రర్ వచ్చినప్పుడు రెస్పాన్స్ మూయకుండా బయటికొచ్చే ఒక్క దారి ఉంది కోడ్‌లో, అది సరిచేస్తే అయిపోయింది.

మ్యాక్_మాలోకం:

అక్కా మ్యాక్‌లో నెట్‌స్టాట్ -పీ కొడితే ఏదో ప్రోటోకాల్ అడుగుతోంది, ప్రాసెస్ పేరు రావట్లేదు.

కోరమంగళ_పెంగ్విన్_అక్క:

మ్యాక్‌లో ఆ -పీకి అర్థమే వేరు, ప్రోటోకాల్ ఏదో చెప్పమంటుంది. సుడో ఎల్‌ఎస్‌ఓఎఫ్ -ఐ -ఎన్ -పీ కొట్టు, ఆ పీ పెద్దక్షరం, పోర్టులకి పేర్లు వద్దు అంకెలే చూపించమని. లైవ్‌గా డేటాతో సహా కావాలంటే నెట్‌టాప్ అని కొట్టు, మ్యాక్‌లోనే ఉంటుంది, ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు.

ఇందిరానగర్_ఇంజనీరు:

వైర్‌షార్క్ వేసి నెట్‌లో పోయే డేటా ముక్కలు, అదే ప్యాకెట్లు, పట్టుకుంటే సరిపోయేదానికి ఇంత రామాయణం దేనికండీ

ఓఎంఆర్_నెట్‌వర్క్_అన్న:

వైర్‌షార్క్ ప్యాకెట్‌లో ఏ ప్రాసెస్ పంపిందో రాసి ఉండదు సార్. పైగా 443 అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, కొత్తవాడు దాన్ని తెరిచి ఏం చేస్తాడు. ముందు ఎవరిదో తెలిశాక కావాలంటే అది.

కాకపోతే నెట్‌స్టాట్‌తో దొరకనిది ఒకటుంది, అది చెప్పాలి. యూడీపీ అంటే టీసీపీ లాగా ముందు కనెక్షన్ పెట్టుకోకుండానే డేటా పంపే పద్ధతి, దానికి స్టేట్ లేదు, విండోస్ నెట్‌స్టాట్‌లో యూడీపీ లైన్లకి అవతలి అడ్రస్ బదులు రెండు స్టార్లే ఉంటాయి. ఇప్పుడు యూట్యూబ్ లాంటివి బ్రౌజర్లో చాలావరకు క్విక్ మీద, అంటే యూడీపీ 443 మీద నడుస్తాయి, 2021లో స్టాండర్డ్ కూడా అయింది. కాబట్టి వీడియో ధారాళంగా నడుస్తున్నా ఎస్టాబ్లిష్డ్ లిస్టులో దాని జాడే ఉండకపోవచ్చు. లినక్స్‌లో ఎస్‌ఎస్ -యూఎన్‌పీ కొంత చూపిస్తుంది, విండోస్‌లో రెస్‌మాన్ చూడాల్సిందే.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:

అన్నా, అక్కా, దొరికింది!! మీ లైను కొడితే 6212 అన్నిటికంటే పైన, రెండోదానికీ దానికీ పొంతనే లేదు. పాత్ చూస్తే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఒక ఫ్రీ వీపీఎన్ (వేరే చోట నుంచి నెట్ వాడుతున్నట్టు చూపించే యాప్) ఫోల్డర్. నేనెప్పుడూ వేసుకోలేదు, రూమ్మేట్‌ని అడిగితే నవ్వుతున్నాడు, వాడి లాప్‌టాప్ సర్వీసుకి ఇచ్చినప్పుడు నాది తీసుకుని ఏదో మ్యాచ్ స్ట్రీమ్ ఇక్కడ రాకపోతే వేశాడంట, చూసేశాక విండో మూసేశాడంట, తీసెయ్యలేదు. టాస్క్‌లిస్ట్‌లో అది సర్వీస్ లాగా ఉంది, లాప్‌టాప్ ఆన్ అవ్వగానే మొదలవుతోంది. రెస్‌మాన్‌లో సెండ్, రిసీవ్ మీరన్నట్టే దాదాపు సమానం. కానీ వీపీఎన్ కనెక్ట్ చేసి లేదు కదా, మరి ఏం పంపిస్తోంది?

ఓఎంఆర్_నెట్‌వర్క్_అన్న:

నీ డేటా కాదు, వేరేవాళ్ళది. డబ్బులు తీసుకోని వీపీఎన్‌లలో కొన్ని ఇలాగే బతుకుతాయి, నీ లాప్‌టాప్‌ని ప్రాక్సీగా మార్చి నీ ఇంటి ఐపీని వేరేవాళ్ళకి అద్దెకిస్తాయి. ఎవడో ఏదో సైట్ అడుగుతాడు, నీ లాప్‌టాప్ వెళ్ళి తెస్తుంది, తెచ్చినదాన్ని మళ్ళీ వాడికి అప్‌లోడ్ చేస్తుంది, అందుకే రెండూ సమానంగా ఉన్నాయి. కొన్నిటి షరతుల్లో ఇది చిన్నక్షరాల్లో రాసే ఉంటుంది, అందుకే యాంటీవైరస్ కొన్నిసార్లు నోరెత్తదు.

దీన్ని చిన్న విషయం అనుకోకు. 2024 మేలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అనే బాట్‌నెట్‌ని, అంటే యజమానులకి తెలియకుండా వాడుకునే కంప్యూటర్ల గుంపుని, మూయించింది, ఫ్రీ వీపీఎన్ యాప్‌లలో పెట్టి పంచిన వ్యవహారమే అది, దాదాపు 200 దేశాల్లో 1.9 కోట్లకు పైగా ఐపీలు అందులో చిక్కుకున్నాయని చెప్పారు. వాటి వెనకాల నుంచి మోసాలు కూడా నడిపారు. నీ విషయంలో ఆ 993 లైన్లు నాకు అస్సలు నచ్చలేదు, అన్ని మెయిల్ సర్వర్లకి పోతోందంటే ఎవడో దొంగిలించిన పాస్‌వర్డ్‌లు ఒక్కోటీ పెట్టి చూస్తుండొచ్చు. అలాంటిది కేసయితే ముందు ఆ ఐపీ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ దగ్గరికే వస్తారు, అంటే మీ ఓనర్ దగ్గరికి.

ముందు వైఫై ఆపు. సెట్టింగ్స్, యాప్స్‌లో అన్‌ఇన్‌స్టాల్ చెయ్, తర్వాత సర్వీసెస్‌లోకి వెళ్ళి ఆ సర్వీస్ ఇంకా ఉందేమో చూడు, చాలాసార్లు వీపీఎన్ పోయినా సర్వీస్ మిగిలిపోతుంది. టాస్క్ షెడ్యూలర్‌లో కూడా ఒక చూపు వెయ్. సెట్టింగ్స్‌లో ప్రాక్సీ దగ్గర ఏదైనా మాన్యువల్‌గా పెట్టి ఉంటే తీసెయ్. రీస్టార్ట్ చేసి వైఫై ఆన్ చేసి మళ్ళీ నెట్‌స్టాట్ -ఏఎన్ఓ, కొత్త పీఐడీతో అదే వేషం కనిపిస్తోందేమో చూడు.

ఫార్మాట్_మాస్టర్:

నేను ముందే చెప్పా కదా ఫార్మాట్ అని

కోరమంగళ_పెంగ్విన్_అక్క:

ఈసారి మీతో సగం ఒప్పుకుంటా. అడ్మిన్ పర్మిషన్‌తో దిగిన ప్రోగ్రామ్ ఇంకేం దింపిందో బయటి నుంచి చెప్పలేం, లోతుగా దిగిన మాల్‌వేర్ నెట్‌స్టాట్ లిస్టులోంచే తన లైన్లు దాచేయగలదు. అందుకే ఒక రాత్రి లాప్‌టాప్ ఆన్‌లో పెట్టి, ఆ రౌటర్ పేజీలో లెక్క చూడమని ఓనర్ గారినే అడుగు. రౌటర్ లాప్‌టాప్ మాట వినదు, పోయిన డేటా పోయినట్టే చూపిస్తుంది. లాప్‌టాప్‌లో ప్రశాంతంగా ఉండి రౌటర్‌లో మాత్రం అప్‌లోడ్ కనిపిస్తే ఇంక ఆలోచించకుండా ఫార్మాట్. ఎలాగైనా బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చుకో, అదీ ఫోన్ నుంచి.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:

చేశా. అన్‌ఇన్‌స్టాల్ అయ్యాక సర్వీస్ నిజంగానే మిగిలే ఉంది, డిసేబుల్ చేసి ఫోల్డర్ కూడా డిలీట్ చేశా. ఇప్పుడు ఎస్టాబ్లిష్డ్ లైన్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అన్నీ 443, ఎడ్జ్, వన్‌డ్రైవ్ అలాంటివే. ఒక్కటే డౌట్, 0.0.0.0:5040 అని కొత్తగా ఒక లిజనింగ్ కనిపిస్తోంది, ఇది ముందు చూసినట్టు లేదు.

ఓఎంఆర్_నెట్‌వర్క్_అన్న:

అది విండోస్‌దే, కనెక్టెడ్ డివైసెస్ ప్లాట్‌ఫాం సర్వీస్, ముందు కూడా ఉండే ఉంటుంది, 6212 గోలలో నీ కంటికి ఆనలేదు. నా మాట మీద వదిలెయ్యకుండా టాస్క్‌లిస్ట్ /ఎస్‌వీసీ కొట్టి పేరు చూసుకో, సీడీపీఎస్‌వీసీ అని ఉండాలి. రాత్రి రౌటర్ లెక్క ఏమైందో మాత్రం ఇక్కడ రాయి.